వెనక సీటు చప్పుడు

మోటారు సైకిలు చప్పుళ్ల గురించి రాద్దామని కూర్చుంటే మొదట సంతోషం కలిగించేది మన భాష. గరగర, కరకర, గలగల, టకటక, కిర్రు, గుర్రు, దడ, రొద, అదురు, వణుకు - ఇన్ని మాటలున్నాయి మనకు. ఇన్ని మాటలున్నా మెకానిక్కు దగ్గరికి వెళ్లి మనం చెప్పేది ఒకే ఒక్క వాక్యం: "బండి సౌండొస్తోంది." వైద్యుడి దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాగోలేదు" అన్నట్టే ఇదీను. వైద్యుడైతే ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది అని నాలుగు ప్రశ్నలు వేస్తాడు. మెకానిక్కుకు అంత తీరిక ఉండదు. చేతికందిన పానాతో చేతికందిన బోల్టు బిగించి, "ఇక చూడండి సార్" అంటాడు.

2018 డిసెంబరులో మఠంపల్లిలో నాలుగు రోజులపాటు నాకు కంటి మీద కునుకు లేకుండా చేసిన ఒక అదురు గురించి ఈ టపా. యంత్రాల ఊసంటే విసుగనిపించేవారు కాస్త ఓపిక పట్టాలని మనవి. మధ్యలో మా నాన్న వస్తాడు.

బండి పేరు చెప్పను. చెప్పనక్కరలేదు కూడా. 2004లో కొన్నాను. ఒంటి సిలిండరు, మూడు వందల యాభై సీసీ. వీధి చివర మలుపు తిరగ్గానే ఇంట్లోవాళ్లు కంచం పెట్టేసే రకం. దాని మీద హంపి వెళ్లాను, శ్రీశైలం వెళ్లాను, అరకు లోయ చూశాను. వెనక రెండు పక్కలా సంచులు తగిలించుకోవడానికి ఇనుప చట్రం చేయించాను. దూరప్రయాణాల్లో మనిషికీ బండికీ మధ్య ఒక పరిచయం ఏర్పడుతుంది. అరచేతులు, అరికాళ్లు, తొడలు, వెన్నుపూస అన్నీ చెవులవుతాయి. ఇంట్లో పెద్దాయన రోజూ దగ్గే దగ్గుకూ, ఒక రాత్రి దగ్గిన కొత్త దగ్గుకూ తేడా ఇంటివాళ్లకు నిద్రలోనే తెలిసినట్టు, బండి మామూలు అదురుకూ కొత్త అదురుకూ తేడా ఒంటికి ముందు తెలుస్తుంది, బుద్ధికి తరువాత.

మామూలు అదురు అన్నాను కదా, అదేమిటో చెప్పాలి. ఒంటి సిలిండరు ఇంజను అదరకుండా ఉండలేదు. పిస్టను పైకి పరుగెత్తి, ఆగి, కిందికి పరుగెత్తుతుంది. అలా ఆగిన ప్రతిసారీ బండిని ఒక పోటు పొడుస్తుంది. ఆ పోటును సరితూచడానికి లోపల తిరిగే ఇరుసుకు ఎదురు బరువు పెడతారు. ఆ బరువు గుండ్రంగా తిరిగేది, పిస్టను నిలువుగా ఆడేది. కనుక పూర్తిగా సరితూచితే పైకీ కిందికీ అదురు పోయి ముందుకూ వెనక్కూ అదురు మొదలవుతుంది. అందుకని కొంత తూచి, కొంత వదిలేసి రాజీపడతారు. 1955లో మద్రాసులో బుల్లెట్ల కూర్పు మొదలైనప్పటి నుంచీ మనవాళ్లు తరతరాలుగా ఈ రాజీకి అలవాటు పడి, దానికి 'బండి ఠీవి' అని పేరు కూడా పెట్టుకున్నారు. 2020లో వచ్చిన మీటియర్ 350లో అదురును ఎదురు అదురుతో చల్లార్చే బాలెన్సరు షాఫ్టు పెట్టారు. నడిపి చూశాను, చేతులు తిమ్మిరెక్కలేదు. అయినా ఏదో వెలితి అనిపించిందంటే అది అలవాటు చేసిన పనే.

సరే, కథలోకి వస్తాను.

మఠంపల్లి తెలియనివారికి రెండు ముక్కలు. సూర్యాపేట జిల్లా (2016 దాకా నల్లగొండ జిల్లా), కృష్ణ ఒడ్డు మండలం. నదికి అవతల పల్నాడు. నేల కింద సున్నపురాయి, నేల పైన సిమెంటు కర్మాగారాలు, మధ్యలో వరి పొలాలూ మిరప చేలూ. లక్ష్మీనరసింహస్వామి కోవెల ఉన్న మట్టపల్లి కూడా ఈ మండలంలోదే. మఠంపల్లి వేరు, మట్టపల్లి వేరు. కొత్తవాళ్లు ఒకదానికి టికెట్టు అడిగి మరోదాంట్లో దిగుతుంటారు. సిమెంటు లారీలు రాత్రింబవళ్లు తిరిగే రోడ్లు గనుక అంచుల్లో ఎప్పుడూ బూడిదరంగు దుమ్ము ఉంటుంది. ఈ దుమ్మును గుర్తుంచుకోండి. తరువాత పనికొస్తుంది.

మా నాన్న నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద లష్కరుగా పనిచేసి 2002లో విరమించాడు. కాలువ గట్ల మీద సైకిలేసుకుని తిరుగుతూ, తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ, రాత్రిపూట దొంగచాటుగా గండి కొట్టేవాళ్లతో తగాదా పడుతూ ముప్ఫై ఐదేళ్లు గడిపాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేసినప్పుడు ఆయనకు పదకొండేళ్లు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన నాటికి ఇరవై మూడు. అన్నేళ్లు ఆ నీళ్లను పంచిపెట్టిన మనిషికి ఒక కోరిక మిగిలిపోయింది. నీళ్లు బయల్దేరే చోటి నుంచి తన తూముల దాకా కాలువను వీలైనంత వెంబడించి చూడాలని. బస్సులో వెళ్తే కుదరదు, బస్సు కాలువ దగ్గర ఆగదు. "నీ బండి మీద పోదం" అన్నాడు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆయన నన్ను అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది వాటిలో ఒకటి.

నవంబరు చివర్లో నగరంలో ఒకచోట బండికి సర్వీసు చేయించి, 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని (మా తరానికి అది ఇంకా తొమ్మిదో నంబరే) సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా మఠంపల్లి చేరాను. దారంతా బండి గుర్రంలా నడిచింది. మరునాడు సాగర్ ప్రయాణానికి ముందు స్వామి దర్శనమని నాన్నను ఎక్కించుకుని మట్టపల్లి బయల్దేరాను. ఊరు దాటి నలభైకి రాగానే కూర్చున్న చోట కింద ఏదో కదిలింది. గరగరమని మొదలై, అదురుగా మారి, ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బుతోంది. అరవైకి పోతే కాళ్లు పెట్టుకునే కడ్డీలు జువ్వుమంటున్నాయి. నాన్న నా భుజం తట్టాడు.

"ఏందిరా ఇది? నా కింద ఇసురురాయి తిరుగుతున్నట్టున్నది."

తిరిగొచ్చాక నేనొక్కణ్నే ఊరి బయటికి వెళ్లి చూశాను. ఏమీ లేదు. నున్నగా పోయింది. మళ్లీ నాన్నను ఎక్కించుకున్నాను. మళ్లీ వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు. బండి చిక్కయితే ఇంత రాయను. రెండోసారి దిగాక నాన్న చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "నువ్వు ఒక్కనివే పోతే లేదు గదరా. నేను ఎక్కినంకనే వస్తున్నది. ముసలోని బరువు అది. బస్సుకే పోతలే, ఎందుకొచ్చిన తిప్పలు." ఆయన బరువు యాభై ఎనిమిది కిలోలు. హంపి వెళ్లినప్పుడు వెనక సీటు మీద కూర్చున్న నా మిత్రుడు ఎనభై ఐదు. ఈ మాట చెప్పినా నాన్న వినలేదు. పనిలో ఉన్నన్నాళ్లూ ఒకరికి బరువు కాకుండా బతికిన మనిషికి, వయసు మీద పడ్డాక ప్రతి చప్పుడూ తన గురించే అనిపిస్తుంది కాబోలు.

కాబట్టి చప్పుడు పోగొడితే చాలదు, అది ఎక్కడిదో చూపించి తీరాలి అనుకున్నాను.

వీధిలో బండి ఆగితే సలహాలకు కొదవ ఉండదు. ఒకాయన టాపెట్లన్నాడు. ఇంకొకాయన పెట్రోల్లో కల్తీ అన్నాడు. ఎదురింటి పెద్దమ్మ నిమ్మకాయ కట్టమంది (అన్నిటికన్నా చవకైన సలహా అదే). పక్క ఊళ్లో ఒక మెకానిక్కు ఇంజను బోల్టులన్నీ బిగించి, సైలెన్సరు కింద రబ్బరు ముక్క దోపి రెండు వందలు తీసుకున్నాడు. జువ్వుమనడం కొంత తగ్గింది, అదురు తగ్గలేదు.

చప్పుడూ అదురూ ఒకటి కావని మఠంపల్లిలో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. సున్నపురాయి గనుల్లో తూటాలు పేల్చినప్పుడు మా వంటింటి అలమరలో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. అన్నీ కాదు, కొన్నే. ఒక గ్లాసుల దొంతర, ఒక పళ్లెం, వాటి స్వభావానికి కుదిరిన అదురు వచ్చినప్పుడు పలుకుతాయి. ఆ పళ్లేన్ని చేత్తో పట్టుకుంటే గలగల ఆగుతుంది. గనిలో పేలుడు ఆగదు. బండి మీద సైలెన్సరు రేకు, నంబరు పలక, కాళ్ల కడ్డీ, అద్దం, ఇవన్నీ అలమరలో గిన్నెలు. మోగేదాన్ని పట్టుకుని బిగిస్తూ పోతే రోజంతా బిగించవచ్చు.

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. వెతకాల్సింది ఏది మోగుతోంది అని కాదు, ఆ అదురు దేని వెంట నడుస్తోంది అని. బండిలో తిరిగేవన్నీ ఒకే వేగంతో తిరగవు. ఎవరి తాళం వారిది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు ఉన్న నా చక్రం సెకనుకు సుమారు ఎనిమిది సార్లు తిరుగుతుంది. అదే క్షణంలో ఇంజను నలభైకి పైగా తిరుగుతుంది, అందులో సగం సార్లు మండుతుంది. చైను మాత్రం తాపీగా తిరిగే మనిషి. నా బండి వెనక స్ప్రాకెట్టుకు 38 పళ్లు, చైనుకు దగ్గర దగ్గర వంద లింకులు. అంటే చక్రం రెండున్నర సార్లకు పైన తిరిగితే గాని చైను ఒక చుట్టు పూర్తికాదు. ఏ తాళంలో అదురు వస్తోందో తెలిస్తే దోషి ఎవరో సగం తెలిసినట్టే.

రెండో రోజు ఉదయం పరీక్షలు. మొదటిది తేలిక. బండిని నిలబెట్టి, గేరు లేకుండా ఇంజనును కిందనుంచి పైదాకా మెల్లగా లేపాను. పాత అదురు తప్ప కొత్తది లేదు. ఇంజను మీద కేసు కొట్టేశాను. రెండోది దారి మీద. అదే నలభై వేగాన్ని ఒకసారి మూడో గేరులో, ఒకసారి నాలుగులో నడిపితే ఇంజను వేగం మారుతుంది, చక్రం వేగం మారదు. అదురు మారలేదు. అంటే అది ఇంజను వెంట పోవడం లేదు, దారి వెంట పోతోంది. మూడోది, అదురు వస్తుండగా క్లచ్చు నొక్కి బండిని తేలవిడవడం. పోటు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈ మూడింటికీ వెనక బరువు కావాలి. నాన్న ఇక ఎక్కనన్నాడు. మిర్యాలగూడ మిల్లు ముద్ర ఉన్న యాభై కిలోల బియ్యం బస్తా తెచ్చి, వెనక సీటుకు అడ్డంగా కట్టి, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద పోనిచ్చాను. వచ్చింది! అదే గరగర, అదే ఉబ్బు, అదే తగ్గు. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను, బస్తా ఎక్కినా అంతేనని.

"అంటే బియ్యం బస్తా, నేను ఒకటేనంటవ్" అన్నాడు. కాని ముఖం కొంచెం తేటపడింది. కాసేపటికి తనే చెప్పులేసుకుని వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. బస్తా లెక్కపెట్టలేదు కదా, లెక్కకు మనిషి కావాలి.

నా పద్ధతి ఇది. ఊరి బయట రోడ్డు పక్కన కరెంటు స్తంభాలున్నాయి. రెంటి మధ్య దూరం కొలిస్తే యాభై మీటర్లు తేలింది. ఆ యాభై మీటర్లలో చక్రం ఇరవై నాలుగు సార్లు తిరగాలి, చైను తొమ్మిది సార్లు. నేను మెల్లగా, ఇరవై వేగంలో నడుపుతాను. అదురు ఉబ్బిన ప్రతిసారీ నాన్న నా వీపు మీద ఒక తట్టు తట్టాలి. స్తంభం దగ్గర మొదలు, స్తంభం దగ్గర ఆఖరు. తూము తలుపు ఎన్ని చుట్లు తిప్పితే ఎన్ని అంగుళాలు లేస్తుందో ముప్ఫై ఐదేళ్లు లెక్క రాసిన మనిషికి ఇదొక లెక్కా? మొదటిసారి తొమ్మిది తట్లు. రెండోసారి తొమ్మిది. మూడోసారి పది, "మొదటి స్తంభం కాడ్నే ఒకటి పడ్డది, అది తీసెయ్" అన్నాడు.

చైను.

సెంటర్ స్టాండు వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైనును కింద నుంచి వేలితో ఎత్తి చూస్తే దొరికింది. ఒకచోట పాతిక మిల్లీమీటర్లకు పైగా ఆడుతున్న చైను, ఇంకొంచెం తిప్పేసరికి పది మిల్లీమీటర్లు కూడా ఆడడం లేదు. సుద్దముక్కతో గుర్తు పెట్టి ఐదారు చుట్లు తిప్పాను. బిగువు ప్రతిసారీ ఆ గుర్తు దగ్గరే. నాలుగైదు లింకులు వంగడం మానేసి ముడుచుకుపోయాయి. దీనికి కారణం ఆ బూడిదరంగు దుమ్మే. నూనె రాసిన చైను మీద సున్నపురాయి పొడీ ఇసుకా సిమెంటూ పడితే నూనె నూనెగా ఉండదు, సాన పట్టే ముద్దవుతుంది. లింకుల మధ్య సన్నటి కడ్డీలను కొంచెంకొంచెంగా తినేస్తుంది. అన్నిటినీ ఒక్క తీరుగా తినదు. ఒకచోట సాగుతుంది, ఒకచోట పట్టేస్తుంది. మా ప్రాంతంలో తిరిగే బండ్ల చైన్లు ఎందుకు తొందరగా పోతాయో ఆ పూటే అర్థమైంది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. పట్టేసిన చైను ఎప్పుడూ పట్టేసినదే కదా. నేను ఒక్కణ్నే ఉన్నప్పుడు ఎందుకు నోరు మెదపదు?

దీనికి జవాబు చెప్పినవాడు ఊళ్లోనే చిన్న రేకుల షెడ్డులో పనిచేసే కుర్రవాడు. పాతికేళ్లుంటాయేమో. లారీల పంక్చర్లు, బండ్ల పనులు, పంపుసెట్లు, ఏదొస్తే అది చేస్తాడు. నేను నా కాగితం, స్తంభాల లెక్క చూపించాను. మర్యాదగా చూసి తిరిగి ఇచ్చేశాడు. బండిని స్టాండు మీద నుంచి దించమన్నాడు. నన్ను ఎక్కమన్నాడు. వంగి, చైను కింద వేలు పెట్టి చూశాడు. తరువాత నాన్న వైపు తిరిగి, "తాతా, నువ్వు గూడ ఎక్కు" అన్నాడు.

నాన్న ఎక్కాడు. షాకబ్జర్లు దిగాయి. కుర్రవాడు మళ్లీ వేలు పెట్టి, నన్ను దిగి వచ్చి చూడమన్నాడు. నా చోట తను కూర్చున్నాడు. నాన్న దిగబోతే, "నువ్వు దిగకు తాతా. నువ్వు కూసుంటెనే రోగం దొరుకుద్ది. వీళ్లందరు స్టాండ్ మీద చూస్తరు, అందుకే దొరకది" అన్నాడు. నేను వేలు పెట్టి చూశాను. సుద్ద గుర్తు దగ్గర చైను వీణ తీగలా బిగిసి ఉంది. మీటితే పలికేట్టుంది. నాన్న సీటు మీద నిటారుగా, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఎందుకు ఇలా అవుతుందో చెప్తాను, ఇది తెలిసినవారు తక్కువ. వెనక చక్రాన్ని పట్టుకునే చేయి ఒక ఇరుసు మీద పైకీ కిందికీ ఆడుతుంది. చైను బయల్దేరే చిన్న స్ప్రాకెట్టు మాత్రం ఆ ఇరుసు దగ్గర ఉండదు, దానికి కొంచెం ముందు ఉంటుంది. తలుపు బందు ఒకచోట, తలుపుకు కట్టిన తాడు మొదలు ఇంకోచోట ఉంటే తలుపు తిరిగేకొద్దీ తాడు ఒక దశలో వదులవుతుంది, ఒక దశలో బిగుస్తుంది కదా, ఇక్కడా అంతే. స్టాండు మీద చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు చైను వదులుగా కనిపిస్తుంది. మనిషి ఎక్కేకొద్దీ చక్రం పైకి లేచి, ముందు స్ప్రాకెట్టు, చేతి ఇరుసు, చక్రం ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వస్తాయి. చైను నడవాల్సిన దూరం అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ. నగరంలో సర్వీసు చేసినవారు స్టాండు మీద, అదీ వదులుగా ఉన్న లింకుల దగ్గర కొలిచి బిగించారు. ఒక్కడు ఎక్కితే సరిపోయినంత బిగువు అది. ఇద్దరెక్కితే పట్టేసిన లింకులు వచ్చిన ప్రతిసారీ చైను చక్రాన్ని ముందుకు గుంజుతోంది, గేరుపెట్టె ఇరుసును వెనక్కు గుంజుతోంది. నాన్న ఎక్కినందువల్ల పుట్టిన చప్పుడు కాదది. అప్పటికే ఉన్నదాన్ని ఆయన బరువు బయటపెట్టింది. అలాగే సాగర్ దారి పట్టి ఉంటే ఏ లారీ ముందో చైను తెగి, వెనక చక్రం పట్టేసి ఉండేదేమో. ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

రాబర్ట్ పర్సిగ్ 1974లో అచ్చువేసిన పుస్తకం, మోటారు సైకిలు మరమ్మతు పేరు పెట్టుకుని తత్వం మాట్లాడే పుస్తకం, చాలామంది చదివే ఉంటారు. అందులో మెకానిక్కులు రేడియో పాటలు వింటూ ఇంజను విప్పి కూర్చి, విప్పి కూర్చి పాడుచేస్తారు. చివరికి అసలు కారణం పాతిక సెంట్ల పిన్ను అని తేలుతుంది. ఆ పుస్తకంలో తత్వం నాకు సగమే అర్థమైంది. ఆ పిన్ను మాత్రం పూర్తిగా అర్థమైంది.

చైను, రెండు స్ప్రాకెట్లు మఠంపల్లిలో దొరకలేదు. మూడో రోజు బస్సెక్కి హుజూర్‌నగర్, అక్కడ లేవంటే కోదాడ. సాయంత్రానికి తెచ్చాను. కుర్రవాడు వెనక చక్రం విప్పి, బేరింగులో వేలు పెట్టి తిప్పి, నా వేలు కూడా పెట్టించాడు. నున్నగా తిరుగుతూ ఒకచోట సన్నగా గరుకు తగిలింది, అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు. "ఈ లాగుడుకు ఇది గూడ పోయింది" అని దాన్నీ మార్చాడు. హబ్బులోని రబ్బరు దిమ్మలు చూశాడు, బాగున్నాయన్నాడు, డబ్బులొస్తాయని మార్చలేదు. ఈ ఒక్క విషయానికే ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయాలనిపించింది గాని, దానికి పేరు లేదు. కొత్త చైను ఎక్కించాక నన్నూ నాన్ననూ మళ్లీ ఎక్కించి, మేమిద్దరం కూర్చుని ఉండగానే వదులు కొలిచాడు. చక్రం కొంచెం కొంచెం దొర్లిస్తూ నాలుగు చోట్ల చూశాడు, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటే లెక్క అన్నాడు. ఈ కొలతకు కడ్డీ, స్కేలు ఏమీ లేవు. చూపుడువేలు మొదటి కణుపు.

నాలుగో రోజు ఉదయం చలిలో ఊరి బయటికి వచ్చాం. నలభై, యాభై, అరవై. నాన్న వెనక నుంచి ఏమీ అనలేదు. కరెంటు స్తంభాలు దాటుతుంటే నా వీపు మీద తట్టు పడుతుందేమోనని చూశాను. పడలేదు. చాలాసేపటికి చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడున్నది ఇంజన్‌ది గదా?" అన్నాడు. అవునన్నాను. "ఇది మంచిగనే ఉన్నది" అన్నాడు.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ, నిడమనూరు, హాలియా. కాలువ కనిపించిన ప్రతిచోటా ఆగాం. ఒకచోట తూము తలుపుకు నూనె లేదని, ఒకచోట గట్టు మీద తుమ్మలు మొలిచాయని చిరాకు పడ్డాడు. సాగర్ గురించి విడిగా రాయాలి. నాన్న అక్కడ ఒక గంట మాట్లాడకుండా నిలబడ్డాడన్నది తప్ప ఇప్పటికి రాయవలసింది లేదు.

పాత చైనును కుర్రవాడు పారేయబోతే నాన్న అడిగి తీసుకున్నాడు. కిరోసిన్‌లో నానబెట్టి తుడిచి, గొడ్ల కొట్టం తలుపుకు గొలుసుగా వేశాడు. ఊరికి వెళ్లినప్పుడల్లా దాన్ని తీసి తలుపు తెరుస్తాను. సుద్ద గుర్తు ఎప్పుడో చెరిగిపోయింది. పట్టేసిన ఆ నాలుగైదు లింకులు మాత్రం ఇప్పటికీ వంగవు. గొలుసు కొక్కేనికి తగిలించేటప్పుడు అక్కడ కొంచెం మెలితిప్పాలి.